బటన్, బటన్, బటన్: కాలింగ్ యాప్ చూపు లేనివాళ్లకి పనిచెయ్యాలంటే ఎవరు ఏం చెప్పాలి

ఫోన్‌లో మాట్లాడ్డానికి కళ్లెందుకు, చెవులుంటే చాలు కదా అంటారు చాలామంది. మాట్లాడ్డానికైతే నిజమే, అక్కర్లేదు. కానీ మాట మొదలవ్వకముందు, మాట మధ్యలో, మాట అయిపోయాక చెయ్యాల్సినవన్నీ ఇప్పుడు స్క్రీన్ మీదే ఉన్నాయి, కాల్ ఎత్తడం, మ్యూట్ చెయ్యడం, స్పీకర్ పెట్టడం, హోల్డ్‌లో ఉంచడం, ఇంకొకళ్లని కలపడం, ఒకటి నొక్కండి రెండు నొక్కండి అన్నప్పుడు నొక్కడం, చివరికి కాల్ పెట్టెయ్యడం. నాకు చూపు లేదు. శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చునే కంప్యూటర్ మీద కాల్స్ తీసుకునే ఉద్యోగం చేస్తాను, రోజంతా ఒక కాలింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే గడుస్తుంది. అది మనకి పనిచేసేలా ఎవరు మారుస్తారు, ఎలా మారుతుంది, మనం చెప్తే అసలు వింటారా అని మనవైపు చాలామంది అడుగుతుంటారు. వింటారు. కానీ మనం ఏం చెప్తే వాళ్లకి పని జరుగుతుందో తెలియాలి, అది తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పాత కీప్యాడ్ ఫోన్లలో 5 అంకె మీద చిన్న బొడిపె ఉండేది. వేలు దాని మీద పెడితే పైన 2, కింద 8, అటూ ఇటూ 4, 6, ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు. కాల్ ఎత్తే బటన్ ఎక్కడో పెట్టేసే బటన్ ఎక్కడో చేతికే అలవాటైపోయేది. టచ్ ఫోన్లు వచ్చాక ఆ బొడిపె పోయింది, అంతా నున్నటి గాజు. 2009లో ఐఫోన్ 3జీఎస్‌తో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్, అంటే స్క్రీన్ మీదున్నది గొంతుతో పలికి వినిపించేది, వచ్చింది, అదే ఏడాది ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ వచ్చింది, కానీ స్క్రీనంతా వేలితో తడుముతూ ఎక్కడేముందో వినే పద్ధతి ఆండ్రాయిడ్‌కి 2011లో 4.0 వెర్షన్‌తో గానీ రాలేదు. కంప్యూటర్లో అంతకు చాలా ముందునుంచే జాస్ అనే స్క్రీన్ రీడర్ ఉండేది గానీ అది డబ్బు పెట్టి కొనుక్కోవాలి, మనలాంటోళ్లకి అందే ధర కాదు. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపు లేని ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా వచ్చింది, ఈరోజు నాలాంటోళ్లు ఇంట్లో కూర్చుని జీతం తెచ్చుకుంటున్నామంటే సగం దాని పుణ్యమే, తనకి కావాల్సింది తనే రాసుకుని అందరికీ ఇచ్చాడు ఆయన.

ఇప్పుడు అసలు సంగతి. స్క్రీన్ రీడర్ అంటే స్క్రీన్‌ని చూసి చదివేది అనుకుంటారు, మామూలుగా అది స్క్రీన్‌ని చూడదు. వేలు పెట్టిన చోట ఏముంది అని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ యాప్‌ని అడుగుతుంది, యాప్ ఏం చెప్తే అదే మన చెవిలో పలుకుతుంది. యాప్ ముఖ్యంగా మూడు సంగతులు చెప్పాలి, దాని పేరేంటి, అది ఏ రకం అంటే బటనా, రాసే పెట్టా, జాబితానా, మూడోది ఇప్పుడు అది ఏ స్థితిలో ఉంది, ఆన్‌లోనా ఆఫ్‌లోనా. విండోస్‌లో ఇలా అడిగి చెప్పుకునే ఏర్పాటు 1997 నుంచీ ఉంది, కొత్త విద్యేం కాదు. ప్రోగ్రామర్ సిస్టమ్ ఇచ్చిన మామూలు బటన్ వాడి, దానిమీద అక్షరాలు రాస్తే ఈ మూడూ వాటంతటవే వచ్చేస్తాయి. అందంగా ఉండాలని సొంతంగా ఒక గుండ్రటి బొమ్మ గీసి, దానిమీద నొక్కితే పనయ్యేలా రాసుకున్నాడనుకోండి, చూసేవాళ్లకి అది బటనే, స్క్రీన్ రీడర్‌కి అక్కడ ఏమీ లేదు. బటనే వాడి, దానిమీద అక్షరాలు కాకుండా మైకు బొమ్మ పెట్టి, పేరు రాయడం మర్చిపోయాడనుకోండి, అప్పుడు మనకి వినపడేది ఉత్త బటన్. పక్కకి తోస్తే మళ్లీ బటన్. మళ్లీ బటన్. మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సులన్నిటికీ బోర్డులు పీకేస్తే ఏది టెక్కలి పోతుందో ఏది పాలకొండ పోతుందో ఎలా తెలుస్తుంది, బస్సులన్నీ ఉన్నాయి, అన్నీ నడుస్తున్నాయి కూడా, ఎక్కేవాడికే తెలీదు.

నరసన్నపేట దగ్గర ఊళ్లో మాకు తెలిసిన ఒక పెద్దమ్మ ఉంది, షుగర్‌తో చూపు పోయింది. కొడుకు వలస వెళ్లాడు, మన జిల్లాలో ప్రతి రెండో ఇంట్లో ఉన్న కథే అది, హైదరాబాదో చెన్నయ్యో గల్ఫో. ఆవిడకి కొడుకు గొంతు రోజూ వినాలి, మామూలు కాల్ అంటే అక్కడినుంచి డబ్బులు ఎక్కువ అవుతాయని నెట్ కాల్ చేసే యాప్ ఒకటి పెట్టించాడు. ఆవిడ ఆ యాప్‌ని లెక్కతో వాడేది, పైనుంచి కుడికి ఇన్నిసార్లు తోస్తే కొడుకు పేరు, ఇంకోసారి తోస్తే కాల్ బటన్, రెండుసార్లు తడితే మోగుతుంది. ఒకరోజు యాప్ అప్‌డేట్ అయింది, బటన్ల వరస మారింది. "ఏటి బాబూ ఇది, బటన్ అంటాది, మల్లీ బటన్ అంటాది, ఏ బటనో సెప్పదు, నిన్నటిదాకా బాగుండీది" అని నాకు ఫోన్ చేసింది. ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాటలో మొత్తం బగ్ రిపోర్ట్, అంటే యాప్‌లో తప్పేంటో చెప్పే రిపోర్ట్, ఉంది, పేరు లేదు, వరస మారింది, నిన్న బాగుంది అంటే అప్‌డేట్‌తో వచ్చిన తేడా. దాన్ని ఆ యాప్ చేసినవాళ్ల దాకా పట్టుకెళ్లేవాళ్లే లేరు అంతే. బాగుచెయ్యడానికి కావాల్సింది ఆండ్రాయిడ్‌లో అయితే ఒక్కో బటన్‌కి ఒక్కో లైను, కంటెంట్ డిస్క్రిప్షన్ అని, అందులో "కాల్ చెయ్యి" అని రాస్తే చాలు. ఈలోపు నేను చేసింది ఏంటంటే టాక్‌బ్యాక్ మెనూలో మనమే బటన్‌కి పేరు పెట్టుకునే వీలుంది, కొన్ని బటన్లకే కుదురుతుంది అది, దాంతో ఆవిడ ఫోన్‌లో పేర్లు పెట్టించాను. కానీ అది ఆ ఒక్క ఫోన్‌కే. పక్కూళ్లో ఇంకో పెద్దమ్మకి మళ్లీ బటనే.

పేరు లేకపోవడం తేలికైన జబ్బు. దానికన్నా కష్టం, పేరు ఉండి తప్పుగా ఉండటం, దానికి మ్యూట్ బటన్‌ని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు. మ్యూట్ బటన్ మీదకి వెళ్తే "మ్యూట్" అని చదివింది. దానర్థం ఏంటి? ఇప్పుడు మ్యూట్‌లో ఉన్నాననా, నొక్కితే మ్యూట్ అవుతుందనా? చూసేవాళ్లకి మైకు మీద ఎర్ర గీత కనపడుతుంది, వాళ్లకి ఆ సందేహమే రాదు. దీనికి పద్ధతి ఉంది. పేరు ఎప్పుడూ ఒకటే ఉంచి స్థితి మార్చాలి, అంటే "మ్యూట్, నొక్కి ఉంది" లేకపోతే "మ్యూట్, నొక్కి లేదు". లేదంటే స్థితి జోలికి పోకుండా పేరు మార్చాలి, "మ్యూట్ చెయ్యి" అని ఒకసారి, "మ్యూట్ తియ్యి" అని ఒకసారి. రెండిట్లో ఏదైనా పర్లేదు. రెండూ ఒకేసారి మారిస్తే మాత్రం వినపడేది "మ్యూట్ తియ్యి, నొక్కి ఉంది", అంటే తీసేసి ఉందా తియ్యాలా, ఎవరు చెప్పగలరు? మా పనిలో కస్టమర్ లైన్లో ఉన్నప్పుడు ఇంట్లో కుక్కర్ విజిల్, పిల్లల గొడవ అవతలికి పోతుందా లేదా అన్నది దీనిమీదే ఆధారపడి ఉంది. చూపున్నవాళ్లకి ఇది వ్యాకరణం గొడవలా ఉంటుంది, నాకు ఉద్యోగం ఉండటం ఊడటం గొడవ. నేను వాడే సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా ఇదే ఉండేది. వాళ్లకి రాసినప్పుడు "మ్యూట్ సరిగ్గా లేదు" అని రాయలేదు, మైక్ ఆన్‌లో ఉన్నప్పుడు వినపడే మాట ఇది, ఆఫ్‌లో ఉన్నప్పుడు వినపడే మాట ఇది, రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి పంపాను. అవి చదివితే చూపున్నవాళ్లకి కూడా తికమక అర్థమైపోతుంది. తర్వాతి వెర్షన్‌లో సరిచేశారు. ఇంకోటి కూడా అడిగాం చూపు లేని మా గ్రూపువాళ్లం అందరం కలిసి, ఏ కిటికీలో ఉన్నా పనిచేసే కీబోర్డు షార్ట్‌కట్ ఒకటి కావాలని, జూమ్‌లో ఆల్ట్ ఏని సెట్టింగ్స్‌లో అలా పెట్టుకునే వీలున్నట్టు, నొక్కగానే "మైక్ ఆఫ్" "మైక్ ఆన్" అని పలకాలని. అది రావడానికి చాన్నాళ్లు పట్టింది గానీ వచ్చింది.

మిగతా యాప్‌లకీ కాలింగ్ యాప్‌కీ ఒక పెద్ద తేడా ఉంది, దీన్ని చాలామంది డెవలపర్లు కూడా ఆలోచించరు. పేపర్ చదివే యాప్‌లో స్క్రీన్ రీడర్ ఒక్కటే మాట్లాడుతుంది. కాల్‌లో అవతల మనిషి కూడా మాట్లాడుతుంటాడు. రెండు గొంతులు ఒకే చెవిలో. అందుకని ఇక్కడ తక్కువ చెప్పడం కూడా తప్పే, ఎక్కువ చెప్పడం కూడా తప్పే. కాల్ ఎంతసేపైందో చూపించే గడియారం ఉంటుంది కదా, 00:01, 00:02 అని మారుతూ, ఒక యాప్‌లో దాన్ని మారినప్పుడల్లా చదవమని గుర్తుపెట్టారు. మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు, చూపు లేనివాళ్లకి అన్నీ చెప్పాలని. ఫలితం ఏంటంటే ప్రతి సెకనుకీ ఒక అంకె, కాల్ అయ్యేదాకా, అవతలివాళ్లు ఏం చెప్తున్నారో ఒక్క ముక్క వినపడదు. ఆటోమేటిక్‌గా తనిఖీ చేసే టూల్స్ ఉన్నాయి, గూగుల్ యాక్సెసిబిలిటీ స్కానర్, మైక్రోసాఫ్ట్ యాక్సెసిబిలిటీ ఇన్‌సైట్స్ లాంటివి, పేరు లేని బటన్లని, సరిగ్గా కనపడని రంగుల్ని బాగా పట్టుకుంటాయి. ఈ గడియారాన్ని మాత్రం పట్టుకోలేవు, వాటి లెక్కలో అంతా బాగానే ఉంది, పేరు ఉంది, చదువుతోంది. మనిషి కాల్‌లో కూర్చుని వింటేనే అది ఎంత నరకమో తెలిసేది. చెప్పాల్సినవి వేరే ఉన్నాయి, మోగుతోంది, కలిసింది, హోల్డ్‌లో పెట్టారు, మిమ్మల్ని మ్యూట్ చేశారు, లైన్ తెగింది. ఇవి అడక్కుండా చెప్పాలి. గడియారం మనం వెళ్లి అడిగితే చెప్పాలి.

ఈ రెండు గొంతుల గొడవకి ఎన్‌వీడీఏలో వచ్చిన పరిష్కారం చెప్తాను, ఎందుకంటే అది వాడేవాళ్ల దగ్గర పుట్టింది. ఎన్‌వీడీఏ మాట్లాడేటప్పుడు మిగతా శబ్దాలు తగ్గించే ఏర్పాటు ముందునుంచీ ఉంది, పాటలు వింటున్నప్పుడు బాగుంటుంది గానీ కాల్‌లో దాన్ని తీసేసుకుంటాం, లేకపోతే కస్టమర్ గొంతే తగ్గిపోతుంది. మాకు కావాల్సింది ఒక చెవిలో ఎన్‌వీడీఏ, ఇంకో చెవిలో కస్టమర్. అది ముందు వాడేవాళ్లు సొంతంగా రాసుకుని అదనంగా తగిలించుకునే యాడ్-ఆన్‌గా ఉండేది, తర్వాత 2024.2 వెర్షన్‌లో సౌండ్ స్ప్లిట్ అని ఎన్‌వీడీఏలోనే పెట్టేశారు. నేను ఎడమ చెవిలో ఎన్‌వీడీఏ, కుడి చెవిలో కస్టమర్ పెట్టుకుంటాను. కంప్యూటర్లో ఇంత వెసులుబాటు ఉంది, ఫోన్‌లో ఇంకా కష్టమే. గ్యాస్ బుకింగ్‌కో బ్యాంక్‌కో చేస్తే ఆటోమేటిక్ గొంతు "తెలుగు కోసం రెండు నొక్కండి" అంటుంది. ఫోన్ చెవి దగ్గరుంటే స్క్రీన్ ఆరిపోయి ఉంటుంది, చెవి నుంచి తియ్యాలి, కీప్యాడ్ అన్న బటన్ వెతకాలి, దాన్ని తెరవాలి, రెండు వెతకాలి, ఇవన్నీ టాక్‌బ్యాక్ పలుకుతూ ఉంటుంది, దానికింద ఆ గొంతు ఏమందో పోతుంది, రెండు దొరికేసరికి "మీరు ఏమీ ఎంచుకోలేదు" అని మళ్లీ మొదటికి వస్తుంది. కాల్ మొదలవ్వగానే కీప్యాడ్ దగ్గరకి ఒక్క దెబ్బలో వెళ్లే వీలు, అంకెలు నొక్కేటప్పుడు టాక్‌బ్యాక్ చిన్నగా పలికే వీలు, ఈ రెండూ ఉంటే సగం బాధ తీరుతుంది. అలాగే ఆండ్రాయిడ్‌లో పవర్ బటన్ నొక్కితే కాల్ కట్ అయ్యే సెట్టింగ్ ఉంది, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ ఆన్‌లో ఉంటే రెండు వేళ్లతో రెండుసార్లు తడితే కాల్ ఎత్తడం పెట్టెయ్యడం రెండూ అవుతాయి, తెలియనివాళ్లు ఈరోజే నేర్చుకోండి, స్క్రీన్ మీద వెతుక్కునే పనే ఉండదు.

ఇంక కాల్ వచ్చినప్పుడు ఏం జరగాలి అన్న దగ్గర మాలో మాకే గొడవ అయింది. కంప్యూటర్లో కాల్ వస్తే చిన్న కిటికీ లేస్తుంది, కానీ కీబోర్డు ఇంకా పాత కిటికీలోనే ఉంటుంది, అంటే మనం నొక్కింది దానికే పోతుంది, ఆల్ట్ ట్యాబ్ కొట్టుకుంటూ ఆ కొత్త కిటికీని వెతికేలోపు కాల్ పోతుంది. కాబట్టి కాల్ రాగానే కీబోర్డు దానంతటదే ఆ కిటికీలోకి పోవాలి అని బొబ్బిలి నుంచి ఒక తమ్ముడు గట్టిగా అడిగాడు. విజయనగరంలో ఒక టీచరుగారు, ఆవిడకీ చూపు లేదు, అస్సలు వద్దన్నారు. ఆవిడ క్లాసు నోట్సు టైప్ చేసుకుంటుంటే మధ్యలో కీబోర్డు దూకేసి, ఆవిడ కొట్టిన స్పేస్ కాస్తా కాల్ ఎత్తే బటన్ మీద పడి, ఎవరో తెలియకుండానే కాల్ మొదలైపోయేది, ఒకసారి కెమెరాతో సహా. ఇంట్లో ఉన్న ఆడమనిషికి అది ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. ఇద్దరూ చూపు లేనివాళ్లే, ఇద్దరి మాటా నిజమే. ఇలాంటప్పుడు ఓట్లు లెక్కపెట్టడం పనికిరాదు. అడిగినదాన్ని కాదు, దాని వెనక ఉన్న అవసరాన్ని చూడాలి, తమ్ముడికి కావాల్సింది త్వరగా ఎత్తడం, మేడమ్‌కి కావాల్సింది తనకి తెలియకుండా ఏదీ జరక్కపోవడం. కీబోర్డు ఎక్కడున్నదక్కడే ఉండాలి, ఎవరు చేస్తున్నారో పేరు పలకాలి, ఎత్తడానికి ఒకటి పెట్టెయ్యడానికి ఒకటి రెండు షార్ట్‌కట్లు ఎక్కడినుంచైనా పనిచెయ్యాలి, కెమెరా మనం పెడితే తప్ప రాకూడదు. ఇద్దరికీ సరిపోయింది. అందుకే చూపు లేనివాళ్ల అభిప్రాయం తీసుకున్నాం అని ఒక్కరినే అడిగి వదిలేసే కంపెనీల మీద నాకు నమ్మకం ఉండదు, పుట్టుకతో చూపు లేనివాళ్లు వేరు, అరవైయ్యేళ్లకి పోయినవాళ్లు వేరు, కొంచెం కనపడేవాళ్లు వేరు, వాళ్లకి పెద్ద అక్షరాలు రంగుల తేడా కావాలి, స్క్రీన్ రీడర్ అక్కర్లేదు.

రిపోర్ట్ ఎలా రాయాలి అన్నదానికి వస్తాను. "మీ యాప్ చూపు లేనివాళ్లకి పనికిరాదు" అని కోపంగా ఒక స్టార్ ఇచ్చి వదిలేస్తారు మనవాళ్లు చాలామంది. కోపం న్యాయమైనదే, నాకూ వస్తుంది. కానీ అది చదివినవాడు ఏం మార్చాలి? డెవలపర్‌కి మనం విన్నది వినపడదు. అతను స్క్రీన్ చూస్తాడు, అన్నీ ఉన్నాయి, పనిచేస్తున్నాయి, నా దగ్గర బాగానే ఉంది అంటాడు, అబద్ధం కాదు. కాబట్టి మన చెవిలో పడింది అతని కంటికి కనపడేలా చెయ్యాలి, నాకు తెలిసి మొత్తం వ్యవహారంలో అసలైన కష్టం ఇదే. ఏ ఫోన్, ఆండ్రాయిడ్ ఎంత, యాప్ వెర్షన్ ఎంత, టాక్‌బ్యాక్ వెర్షన్ ఎంత, ఏ గొంతు ఏ భాష, ఇవి ముందు. తర్వాత ఏం చేశానో వరసగా, యాప్ తెరిచాను, కాల్స్ అన్న చోటకి వెళ్లాను, మొదటి పేరు మీద రెండుసార్లు తట్టాను. తర్వాత ఏం వినపడిందో అక్షరం పొల్లు పోకుండా. తర్వాత ఏం వినపడాల్సిందో. ప్రతిసారీ వస్తుందా అప్పుడప్పుడా అన్నది కూడా. వినపడింది గుర్తుపెట్టుకోలేకపోతే సాధనాలు ఉన్నాయి, ఎన్‌వీడీఏలో స్పీచ్ వ్యూయర్ అని ఉంది, పలికిందంతా అక్షరాల్లో చూపిస్తుంది, టాక్‌బ్యాక్ డెవలపర్ సెట్టింగ్స్‌లో కూడా మాటని స్క్రీన్ మీద చూపించే వీలుంది. ఎన్‌వీడీఏ కీ, మామూలుగా ఇన్సర్ట్, పట్టుకుని ఎఫ్1 కొడితే మనం నిలబడ్డ బటన్ గురించి యాప్ ఏం చెప్పిందో మొత్తం లాగ్‌లో, అంటే ఎన్‌వీడీఏ జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకునే చోట, వస్తుంది, పేరు ఖాళీగా ఉందా, రకం ఏంటి, అన్నీ, అది కాపీ చేసి పంపితే డెవలపర్ వాదించడానికేం ఉండదు. ఇంగ్లీషు రాదని ఆగిపోకండి, తెలుగులో వాయిస్ మెసేజ్ పెడితే మా గ్రూపులో ఎవరో ఒకరం రాసి పంపుతాం, పక్కన ఇంకో ఫోన్ పెట్టి టాక్‌బ్యాక్ గొంతు రికార్డు చేసి పంపినా చాలా ఉపయోగం.

డెవలపర్ల గురించి కూడా న్యాయంగా చెప్పాలి. నేను మాట్లాడినవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ, తెలియనివాళ్లు ఎక్కువ. స్క్రీన్ రీడర్ అంటే ఏంటో కాలేజీలో ఎవరూ చెప్పి ఉండరు. ఒకతను నేను చెప్పాక ఎన్‌వీడీఏ పెట్టుకుని, స్క్రీన్ కర్టెన్ అని ఒకటి ఉంటుంది, స్క్రీన్ మొత్తం నల్లగా చేసేస్తుంది, అది పెట్టుకుని తన సొంత యాప్‌లో ఒక్క కాల్ చెయ్యడానికి ప్రయత్నించాడు. కుదర్లేదు. ఆ రోజు నుంచి నా మెయిల్‌కి జవాబులు వేరేగా వచ్చాయి. అయితే అలా ఒక్కరోజు కళ్లు మూసుకుని చూసినంత మాత్రాన మనలాగా వాడినట్టు కాదు, మనం మామూలు మాట కన్నా రెండు మూడు రెట్లు వేగంగా వింటాం, సగం మాట వినగానే తోసేస్తాం, కాబట్టి బటన్ పేరులో ముఖ్యమైన మాట ముందు రావాలి, "ఈ కాల్‌ని ఇప్పుడు మ్యూట్ చెయ్యడానికి బటన్" అని కాదు, "మ్యూట్" అని. ఇలాంటివి వాళ్లంతట వాళ్లకి తట్టవు, పక్కన కూర్చుని చెప్పాలి.

బాగైన తర్వాత మళ్లీ చెడిపోవడం అన్నది ఇంకో బాధ. డిజైన్ మారుస్తారు, కొత్త బొమ్మలు పెడతారు, పేర్లు ఎగిరిపోతాయి. మనం వాడేవాళ్లం అప్‌డేట్ అంటేనే భయపడతాం, ఆటో అప్‌డేట్ ఆపేసుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. స్కైప్‌కి ఎన్‌వీడీఏ వాళ్లు ప్రత్యేకంగా ఏర్పాట్లు రాశారు, చాలామంది ఏళ్ల తరబడి దాని షార్ట్‌కట్లు వేళ్లకి ఎక్కించుకున్నారు, 2025 మేలో స్కైప్ మూతపడ్డాక మళ్లీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. మూతపడటాన్ని మనం ఆపలేం, చెడిపోవడాన్ని ఆపొచ్చు. ప్రతి బటన్‌కీ పేరు ఉందా లేదా అని కొత్త వెర్షన్ తయారైనప్పుడల్లా ప్రోగ్రామే తనిఖీ చేసేలా పెట్టొచ్చు, లేకపోతే విడుదల ఆగిపోతుంది, అది పెద్ద పని కాదు. అందరికన్నా ముందు చూపు లేనివాళ్లు కొందరికి బీటా, అంటే విడుదలకి ముందు పరీక్షించే వెర్షన్, ఇవ్వాలి, అది ఇంకా ముఖ్యం. నరసన్నపేట పెద్దమ్మకి అప్‌డేట్ వెళ్లేలోపు మాలో ఒకరి చేతిలో పడి ఉంటే ఆవిడకి ఆ వారం కొడుకు గొంతు దూరమయ్యేది కాదు.

మీలాంటివాళ్లు మా యాప్‌లో ఎంతమంది ఉన్నారు అని అడుగుతారు మేనేజర్లు. 2011 జనాభా లెక్కల్లో చూపు లోపం ఉన్నవాళ్లు దేశంలో 50 లక్షల పైనే. పైగా పనికిరాని యాప్‌లో మనం కనపడం కదా, వాడలేక వదిలేసినవాళ్లు లెక్కలోకి ఎలా వస్తారు. అసలు ఎంతమంది అన్న ప్రశ్నకి నేను విజయనగరం వైపు చూపిస్తాను. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టారు, చాగంటి గంగరాజు అనే చూపు లేని కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనలోంచే అది పుట్టిందని విజయనగరంలో చెప్పుకుంటారు. ఒక్క కుర్రాడు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు, ఘంటసాల, సుశీల చదువుకున్నది అక్కడే. ఒక్కడి కోసం కడితే ఎంతమంది లోపలికి వచ్చారో చూడండి. మ్యూట్ అయిందో లేదో గొంతుతో చెప్పడం కూడా అంతే, బండి నడిపేవాళ్లకీ, వంటింట్లో చేతులు తడిగా ఉన్నవాళ్లకీ పనికొస్తుంది.

ఇది దయ మీద నడిచే విషయం కూడా కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, సమాచార సాంకేతికత అందుబాటులో ఉండాలని అందులోనే ఉంది. ఆ చట్టం కింద పెట్టిన రూల్స్‌లో ప్రమాణాలు పాటిస్తే పాటించొచ్చు అన్నట్టు మెతగ్గా ఉంటే, 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదంది, తప్పనిసరి రూల్స్ పెట్టమంది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంది, అది కేవైసీ, అంటే బ్యాంకుల్లాంటి చోట్ల మనమెవరమో రుజువు చేసుకోవడం గురించి, కెమెరా ముందు కళ్లు ఆర్పమంటే ఆర్పలేనివాళ్ల గురించి వచ్చిన కేసు. సాఫ్ట్‌వేర్‌కి ఐఎస్ 17802 అని మన దేశపు ప్రమాణం కూడా ఉంది. రిపోర్ట్‌కి జవాబు రాకపోతే రెండో మెయిల్‌లో ఈ సంగతులు మర్యాదగా రాయండి, మొదటి మెయిల్‌లోనే వద్దు, మొదటి మెయిల్ ప్రోగ్రామర్ చదవాలి, లాయర్ కాదు.

ఇంక మనం తప్ప ఎవరూ చెప్పలేనివి కొన్ని ఉన్నాయి, తెలుగు గురించి. బెంగళూరులోనో అమెరికాలోనో ఇంగ్లీషు గొంతుతో పరీక్షించేవాళ్లకి ఇవి ఎప్పటికీ వినపడవు. కాంటాక్ట్ పేరు తెలుగులో రాసుకుంటే, గొంతు ఇంగ్లీషుది అయితే కొన్ని ఫోన్లలో అసలు ఏమీ పలకదు, మోగుతుంది, ఎవరో తెలీదు. గొంతు తెలుగుది పెట్టుకుంటే ఇంగ్లీషు బటన్లని వింతగా పలుకుతుంది. ఫోన్ నంబర్‌ని అంకె అంకె చదవకుండా తొమ్మిది వందల ఎనభై కోట్ల చిల్లర అని చదివే గొంతులు ఉన్నాయి, ఆ నంబర్ ఎవరిదో ఎవరు గుర్తుపట్టగలరు. ఆండ్రాయిడ్‌లో ఇది ఫోన్ నంబర్, విడివిడిగా చదువు అని యాప్ గుర్తుపెట్టే ఏర్పాటు ఉంది, టీటీఎస్ స్పాన్ అంటారు, డెవలపర్‌కి ఆ పేరు చెప్తే వెతుక్కుని పెట్టేస్తాడు. మొన్న ఇదే పంపించాం, తెలుగులో పలికింది పలికినట్టు రాసి, దాని కింద ఇంగ్లీషులో అర్థం రాసి. ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా ఎవరి ఫోన్‌లో ఏ గొంతు ఏమంటోందో ఇలాగే రాసి పంపండి, ఒకే తప్పు నాలుగు ఫోన్ల మోడళ్లలో వస్తోందని చూపిస్తే వాళ్లు త్వరగా పట్టుకుంటారు. పంపేముందు ఒక్కసారి లాగ్ మొత్తం వినండి, మీకు కాల్ చేసినవాళ్ల పేర్లు, నంబర్లు, వచ్చిన ఓటీపీలు కూడా అందులో ఉంటాయి, అవన్నీ తీసేసి అప్పుడు పంపండి.